ఒమన్‌లో ఇఫ్తార్‌కు పిలిచిన ఇంటికి వెళ్లేటప్పుడు

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి మస్కట్‌లో ఇంజనీరు. వచ్చే రంజాన్ నెలలో నేనూ మా శ్రీమతీ కొన్నాళ్లు అక్కడ ఉండబోతున్నాము. అబ్బాయి పై అధికారి ఒమనీ దేశస్థుడు. మేము వస్తున్నామని తెలిసి, ఒక గురువారం సాయంత్రం నిజ్వాలోని తమ ఇంటికి ఇఫ్తార్‌కు రమ్మని ఇప్పటినుంచే చెప్పి ఉంచారట. మా ఆవిడ శుద్ధ శాకాహారి. చీర, బొట్టు మానుకోవాలని కొందరు భయపెడుతున్నారు. తిరుపతి లడ్డూ పట్టుకెళ్లవచ్చా? అక్కడ ఎలా కూర్చోవాలి, ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు? మా వల్ల అబ్బాయికి మాట రాకూడదన్నదే మా బెంగ. (ఒక పాఠకుడు)

సమాధానం: మాస్టారూ, మీకు సలహాలిస్తున్న మిత్రులు బహుశా సౌదీ అరేబియాలోనో కువైట్‌లోనో చాలా ఏళ్ల క్రితం పని చేసి వచ్చినవారై ఉంటారు. అరబ్ దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టి చెప్పే మాటలను సగానికి సగం పక్కన పెట్టండి. ఒమన్ ప్రజల్లో చాలామంది ఇస్లాంలోని ఇబాదీ శాఖకు చెందినవారు, మాటలోనూ నడతలోనూ నెమ్మదస్తులు. భారతీయులతో వారికి ఉన్న పరిచయం నిన్నమొన్నటిది కాదు. మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ ప్రాంతం కోసం ప్రత్యేకంగా ముద్రించిన రూపాయి నోట్లు అక్కడ 1970 దాకా చెల్లాయి. మస్కట్‌లోని పాత కచ్ఛీ వ్యాపార కుటుంబాలకు చెందిన కనక్‌సీ ఖింజీకి నాటి ఒమన్ పాలకుడు సుల్తాన్ ఖాబూస్ స్వయంగా షేక్ బిరుదునిచ్చారు. రాజప్రాసాదానికి దగ్గరలోనే శివాలయం ఉంది, దర్సైత్‌లో కృష్ణాలయం ఉంది. మస్కట్ ఒమనీలలో హిందీ అర్థమయ్యేవారు, మాట్లాడేవారు కూడా తరచుగా తగులుతారు.

కాబట్టి బొట్టు తీసేయవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. చీర కూడా మానుకోనక్కరలేదు, మస్కట్ బజార్లలో చీర కట్టిన భారతీయ స్త్రీలు నిత్యం కనిపిస్తారు. అయితే ఒక పట్టింపు ఉంది. ఒంటిని కప్పి ఉంచడం అక్కడ మర్యాదలో భాగం కనుక, మోచేతి కిందికి దిగే చేతులూ, నడుము కనబడనంత పొడవూ ఉన్న రవికె ఒకటి రెండు కుట్టించుకుని, పమిట భుజాల మీదుగా కప్పుకుంటే మీ శ్రీమతిగారు ఏ ఇంటికైనా నిశ్చింతగా వెళ్లవచ్చు. చిక్కు నిజానికి మీ బట్టలతోనే రావచ్చు. మీరు పంచెకట్టు మనిషి అయితే, ఆ పూటకు పైజామా, లాల్చీ మేలు. అక్కడ మగవారు దిష్‌దాషా అనే పొడవాటి అంగీ లోపల, ఇంట్లో ఉన్నప్పుడూ, మన లుంగీలాంటి వస్త్రమే చుట్టుకుంటారు. దాన్ని ఇంటిబట్టగానే చూస్తారు. పైగా నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు పల్చని పంచె పిక్కల మీదికి జరిగితే మీకే ఇబ్బంది.

మస్కట్‌లో ఉండగా సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు చూడాలని మీకు తప్పక అనిపిస్తుంది. 2001లో ప్రారంభమైన ఆ మసీదులోకి ముస్లిమేతరులను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకు రానిస్తారు. రంజాన్‌లో వేళలు మారవచ్చు కనుక ముందురోజే కనుక్కోండి. అక్కడ మాత్రం స్త్రీలు తల, మణికట్టు, చీలమండ దాకా కప్పుకోవాలి. చీర కొంగు తల మీద నిలవక జారిపోతుంటుంది కాబట్టి, పొడవు చేతుల చుడీదారు, పెద్ద చున్నీ సుఖం. ఊళ్లలోని మామూలు మసీదుల్లోకి మాత్రం, తలుపు తెరిచి ఉన్నది కదా అని అడుగు పెట్టకండి.

ఇక రంజాన్ సంగతి. చాంద్రమానం కనుక ఏటా 10 లేదా 11 రోజులు ముందుగానే వస్తుంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుందని అంచనా, నెలవంక కనిపించడాన్నిబట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఉపవాసం మీకు లేదు, కానీ ఉపవాస వేళల్లో బహిరంగంగా తినడం, తాగడం, పొగ తాగడం అన్య మతస్థులకు కూడా ఒమన్ చట్టం ప్రకారం నేరం, జైలుశిక్ష దాకా వెళ్లగల నేరం. మంచినీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. మనవాళ్లు పొరపడేది కారు దగ్గర. సొంత బండి కదా అని సిగ్నల్ దగ్గర సీసా ఎత్తి తాగుతారు. అద్దాల్లోంచి అందరికీ కనిపించే కారు ఇంటి కిందికి రాదు. మీ వయసుకు మందుల వేళలు ఉంటాయి కాబట్టి, పగటిపూట బయటి తిరుగుడు తగ్గించుకుని, మాత్రలు ఇంట్లోనే వేసుకునేలా చూసుకోండి. బీపీ, షుగర్ మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. ఆవిడగారు మసాలా డబ్బాలో గసగసాలు సర్దుతుంటే మాత్రం తీసేయించండి. యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో అవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి, గల్ఫ్ విమానం ఎక్కే ఏ తెలుగు పెట్టెలోనూ వాటికి చోటుండకూడదు.

నిజ్వా మస్కట్‌కు సుమారు 160 కిలోమీటర్లు. ఇఫ్తార్ పిలుపుకు మన పెళ్లి విందుకు వెళ్లినట్లు గంట ఆలస్యంగా వెళ్లడం కుదరదు. పొద్దు గుంకగానే, మగ్రిబ్ అజాన్ (సాయంకాలపు నమాజు పిలుపు) వినబడిన క్షణాన ఉపవాసం విడుస్తారు. రోజంతా పచ్చి మంచినీళ్లు ముట్టని ఇంటిల్లిపాదీ మీ కారు కోసం వాకిలి వైపు చూస్తూ కూర్చోవడం కన్నా అమర్యాద ఇంకొకటి ఉండదు. ఫిబ్రవరిలో అక్కడ సూర్యాస్తమయం ఇంచుమించు ఆరు గంటలకు. మీరు పావుగంట ముందు గడపలో ఉండాలి. మరీ గంట ముందు వెళ్లకండి, ఆ వేళకు ఆడవారంతా వంటింటి హడావుడిలో ఉంటారు. ఇఫ్తార్‌కు ముందు అరగంటలో అందరూ ఇళ్లకు చేరాలని బండ్లు వేగంగా తోలుతారు, కాబట్టి అబ్బాయిని పెందలాడే బయలుదేరమనండి.

గుమ్మం దగ్గర "అస్సలాము అలైకుం" అంటే చాలు, మీరు ముస్లిం కాకపోయినా సంతోషంగా బదులు చెబుతారు. మగవారు మీతో కరచాలనం చేస్తారు. చేయి గట్టిగా నొక్కరు, వెంటనే వదలరు కూడా, మీరు కూడా విదిలించుకోకండి. ఇంట్లోని స్త్రీలు ఎదురైతే మీరు ముందుగా చేయి చాపకూడదు. కుడి అరచేయి గుండెకు ఆనించి తల కొద్దిగా వంచండి. మీ శ్రీమతిగారు వారి మగవారికి నమస్కారం పెట్టవచ్చు, అది అందరికీ అర్థమవుతుంది. తర్వాత కుశల ప్రశ్నల వరస మొదలవుతుంది: ఆరోగ్యం ఎలా ఉంది, ప్రయాణం ఎలా సాగింది, పిల్లలెలా ఉన్నారు, ఊళ్లో విశేషాలేమిటి, మళ్లీ ఆరోగ్యం ఎలా ఉంది. అన్నిటికీ "అల్‌హందులిల్లా", లేదా "బాగున్నాం" అనడమే రివాజు. మోకాళ్ల నొప్పుల వివరాలు అప్పుడే ఎత్తుకోవద్దు. మీరు కూడా అలాగే అడగాలి. అయితే "మీ భార్య ఎలా ఉన్నారు" అని విడిగా, అందులోనూ పేరు పెట్టి అడగకూడదు. "ఇంట్లో అందరూ క్షేమమా" అంటే ఆవిడా అందులోనే వస్తారు. పాత తరం తెలుగు ఇళ్లలో పెరిగిన మీకు ఇది వింతగా తోచదు.

చెప్పులు గుమ్మం దగ్గర విడిచాక, మిమ్మల్నీ అబ్బాయినీ మజ్లిస్ అనే మగవారి అతిథుల గదికీ, మీ శ్రీమతిగారిని లోపలి ఆడవారి గదికీ తీసుకువెళ్లడం దాదాపు ఖాయం. ఈ సంగతి ఆవిడకు ముందే చెప్పండి. లేకపోతే తెలియని ఇంట్లో, భాష రాని చోట ఒంటరిగా వదిలేశారనుకుని కంగారు పడతారు. కంగారు పడనక్కరలేదు. ఆ గదిలో పిల్లలు, కోడళ్లు, అమ్మమ్మలు చుట్టూ చేరి గాజులు పట్టుకు చూస్తారు, పట్టుచీర అంచు తడిమి చూస్తారు. హిందీ సినిమాల పుణ్యమా అని ఎవరో ఒకరికి నాలుగు హిందీ ముక్కలు వచ్చి ఉంటాయి. ఆ గదిలో ఫోన్ మాత్రం సంచిలోంచి తీయకూడదు. తమ వాళ్ల మధ్య ఉన్నామన్న ధైర్యంతో అక్కడి స్త్రీలు తల మీది వస్త్రం తీసి కూర్చుంటారు. ఆవిడ ఆప్యాయంగా తీసుకున్న ఒక సెల్ఫీలో వెనక ఎవరో జుట్టు విరబోసుకుని పడి, అది మన కుటుంబ వాట్సాప్ గ్రూపులో చేరిందంటే, ఆ ఇంటి నమ్మకాన్ని తెంచినట్లే. మజ్లిస్‌లో ఫొటోలకు ఇంత పట్టింపు ఉండదు, అయినా అడిగే తీయండి.

కూర్చోవడం దగ్గర ఒక్కటే కట్టుబాటు. అరికాలు ఎదుటివారి వైపు చూడకూడదు. బాసీపట్టుగానో, కాళ్లు ఒక పక్కకు మడిచిగానో కూర్చుంటారు. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీ అడగడం తప్పు కాదు. పెద్దవయసు వారికి అక్కడ ఇచ్చే గౌరవం ఎంతటిదంటే, మీరు అడగకముందే తెప్పిస్తారు. మీరు లోపలికి వచ్చినప్పుడు గదిలోని వారంతా లేచి నిలబడతారు. మీ తర్వాత మరొకరు వస్తే మీరూ లేవాలి.

అజాన్ వినబడగానే ముందు ఖర్జూరం, నీళ్లో మజ్జిగో తీసుకుంటారు. తర్వాత మగవారు నమాజుకు లేస్తారు. కొందరు పక్కనున్న మసీదుకు వెళతారు, కొందరు ఆ గదిలోనే వరస కడతారు. ఈ పది పదిహేను నిమిషాల్లోనే చాలామంది అతిథులు ఏం చేయాలో తోచక తికమకపడతారు. ఏమీ చేయనక్కరలేదు. ఉన్నచోటే మౌనంగా కూర్చోండి. నమాజు చేసేవారి ముందు నుంచి నడిచి వెళ్లవద్దు, ఫోన్ మోగకుండా చూసుకోండి. వారు తిరిగి వచ్చాకే అసలు భోజనం.

భోజనం దగ్గర మీ ఆవిడగారి శాకాహారం గురించి ఆ పూట గుమ్మంలో చెబితే ఆలస్యమైపోతుంది. అబ్బాయి చేత వారం ముందే చెప్పించండి. "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. వేటమాంసం, కోడి, చేప, గుడ్డు ఏదీ తినరని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పాలి, ఎందుకంటే మాంసం తినరంటే కోడి తింటారేమోనని వండేవారు ఉంటారు. రంజాన్ వంటల్లో కంటికి మోసపోయేవి రెండున్నాయి. హరీస్ చూడడానికి గోధుమ జావలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. కానీ గోధుమల్లో మాంసాన్ని గంటలకొద్దీ ఉడికించి, పీచు కూడా కనబడకుండా మెదిపి చేస్తారు. హైదరాబాద్ హలీమ్‌కు పుట్టిల్లు అదే. రెండోది షోర్బా, ఓట్స్ సూప్‌లా కనిపించినా తరచుగా మాంసం నీళ్లతోనే కాస్తారు. సమోసాలు కూడా విరిచి చూశాకే తినాలి. ఖర్జూరాలు, పళ్లు, పల్చని ఒమనీ రొట్టె, పాకం పోసిన లుఖైమాత్ బూరెలు, నేతితో కుంకుమపువ్వు వేసి చేసే ఒమనీ హల్వా ఉంటాయి కనుక ఆవిడ పస్తుండే ప్రమాదం లేదు. మాంసం పక్కనుండగా తినడం కూడా ఆవిడకు పట్టింపైతే, ఇంట్లో కొంచెం తినేసి వెళ్లి, అక్కడ ఖర్జూరమూ పళ్లూ తీసుకోవచ్చు. ముఖం ముడుచుకోవడం, ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకోవడం మాత్రం పనికిరాదు.

మీరు మాంసాహారులైతే, పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురితో కలిసి తినవలసి రావచ్చు. కుడిచేయి, మీ ముందున్న భాగం, అంతే. పళ్లెం మధ్యకు, అవతలి వైపుకు చేయి పోనివ్వకూడదు. గృహస్థు మంచి ముక్కలు ఏరి మీ వైపు వేస్తూనే ఉంటారు. ఇక్కడే మన మొహమాటానికీ వారి మర్యాదకూ చుక్కెదురు. మనం మూడుసార్లు వద్దని నాలుగోసారి పెట్టించుకుంటాం. అక్కడ మొదటిసారే వద్దంటే, నిజంగానే ఏదో నచ్చలేదనుకుని నొచ్చుకుంటారు. మొదట పెట్టినది పుచ్చుకోవడం, తర్వాత తగ్గించుకోవడం, ఈ వరస పాటిస్తే మీకు అక్కడ ఎక్కడా ఇబ్బంది రాదని నా అభిప్రాయం.

కాఫీకి ఇది మరీ వర్తిస్తుంది. ఖహ్వా అనే ఆ కాఫీలో పాలు, చక్కెర ఉండవు, యాలకుల ఘాటు ఉంటుంది. ఇంటి కుర్రవాళ్లలో ఒకరు ఎడమచేత్తో ముక్కు పొడుగున్న పాత్ర, కుడిచేత్తో పిడి లేని చిన్న కప్పులు పట్టుకుని నిలబడే పోస్తారు. అడుగున కాస్త మాత్రమే పోస్తారు. పిసినారితనం అనుకోకండి, నిండా పోస్తేనే త్వరగా తాగి వెళ్లమన్నట్లు. కప్పు కుడిచేత్తో అందుకోండి. ఖాళీ కప్పు ఊరికే తిరిగి ఇస్తే మళ్లీ పోస్తారు, మళ్లీ ఇస్తే మళ్లీ పోస్తారు. చాలనుకున్నప్పుడు కప్పును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మణికట్టుతో అటూ ఇటూ రెండు మూడుసార్లు ఆడించి ఇస్తే ఆ కుర్రవాడు తల ఊపి పక్కవారి దగ్గరికి వెళ్లిపోతాడు. ఒకటి తాగితే గౌరవం నిలుస్తుంది, మూడు దాటనక్కరలేదు. ఫిల్టర్ కాఫీ అలవాటున్న నోటికి అది కషాయంలా తోచవచ్చు. ముందు ఖర్జూరం కొరికి, తర్వాత గుటక వేయండి.

మాటల్లో సుల్తాన్ గురించీ, ప్రభుత్వం గురించీ, మతాల పోలికల గురించీ ఎత్తుకోవద్దు. జీతమెంత, ఇల్లు ఎంతకు కొన్నారు అన్న మన ప్రశ్నలు కూడా రాజమహేంద్రవరంలోనే వదిలి వెళ్లండి. ఎంతమంది పిల్లలని అడగవచ్చు, ఎంతమంది భార్యలని హాస్యానికి కూడా అడగకూడదు. మీరు ఉపాధ్యాయులు కాబట్టి పిల్లల చదువుల గురించి మాట్లాడితే గదంతా మీ చుట్టూ చేరుతుంది. పిల్లవాడిని మెచ్చుకునేటప్పుడు "మాషా అల్లా" అని చేర్చండి. దిష్టి భయం మనకెంత ఉందో వారికీ అంత ఉంది. గోడ మీది కత్తినో, పాత దీపాన్నో అదేపనిగా పొగడవద్దు. అంత నచ్చితే తీసుకెళ్లమని నిజంగానే చేతిలో పెడతారు, అప్పుడు వద్దనలేరు, పుచ్చుకోనూ లేరు.

తిరుపతి లడ్డూ విషయంలో నా సలహా సూటిగా చెబుతాను, తీసుకెళ్లకండి. దేవుడికి నివేదించిన పదార్థాన్ని నిష్ఠ గల ముస్లింలు తినరు. చెప్పి ఇస్తే వారిని ఇరకాటంలో పెట్టినట్లు, చెప్పకుండా ఇస్తే మోసం చేసినట్లు. అబ్బాయి కోసం నిక్షేపంగా పట్టుకెళ్లండి. ఆ ఇంటికి మాత్రం ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె చాలు. బియ్యప్పిండి రేకు, నెయ్యి, చక్కెర లేదా బెల్లం తప్ప అందులో అభ్యంతరపెట్టవలసినది ఏదీ లేదు, అంత పల్చటి మిఠాయి వారు ఎన్నడూ చూసి ఉండరు. పెట్టె మీద దేవుడి బొమ్మ ఉంటే వేరే కాగితం చుట్టించండి. ఇంటావిడకు ఏదైనా ఇవ్వదలిస్తే మీ శ్రీమతిగారి చేతులతోనే ఇప్పించాలి. మీ ఎదుట విప్పి చూడకపోతే నచ్చలేదని అనుకోకండి, అక్కడ తరచుగా అంతే.

వెళ్లిపోవలసిన సమయం తెలుసుకోవడానికి ఒమనీ ఇళ్లలో చక్కని ఏర్పాటుంది. భోజనాలు, కాఫీ, హల్వా అయ్యాక నిప్పుల మీద సాంబ్రాణి లాంటి లుబాన్‌నో, ఊద్ అనే అగరు చెక్కనో వేసిన ధూపపాత్రను చేతి నుంచి చేతికి తిప్పుతారు. మంచి లుబాన్ దేశపు దక్షిణాన ఉన్న ధోఫార్ చెట్ల నుంచి వస్తుంది. పాత్రను దగ్గరికి తీసుకుని, పొగను అరచేత్తో బట్టల మీదికి రెండుసార్లు వీచుకుని పక్కవారికి అందించండి. ఆ తర్వాత కొద్దిసేపటికే లేవాలి. రంజాన్‌లో రాత్రి తరావీహ్ నమాజు కూడా ఉంటుంది కనుక, ధూపం తిరిగాక కొత్త కబుర్లు మొదలుపెట్టవద్దు.

ఆ రాత్రి నిజ్వాలోనే బస చేయగలిగితే మంచిది. మర్నాడు శుక్రవారం పొద్దున్నే కోట పక్కన మేకల సంత జరుగుతుంది. అమ్మేవారు మేకల్ని తాళ్లతో పట్టుకుని వలయంగా తిప్పుతుంటే, కొనేవారు కూర్చున్న చోటి నుంచే ఆపి బేరమాడతారు. ఆ దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీసేవారంటే అక్కడివారికి విసుగు. బుర్ఖా ముసుగుతో వచ్చే బెదూ (ఎడారి తెగల) స్త్రీల వైపు కెమెరా తిప్పనే వద్దు. తోటల్లో పారే ఫలజ్ కాలువలు కనిపిస్తాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌ను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ నీటి వాడకానికి వరస ఉంది. ఎగువన తాగడానికి, తర్వాత మసీదుకూ స్నానాలకూ, ఆ తర్వాతే తోటలకు. పారుతున్న నీరు కదా అని ఎగువన కాళ్లు కడుక్కోకూడదు.

మస్కట్ తిరిగి వచ్చాక ఒక్క పని మిగిలి ఉంటుంది. మర్నాడు అబ్బాయి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాలి, మీరు భారతదేశం బయలుదేరేలోగా ఆ కుటుంబాన్ని మీ అబ్బాయి ఇంటికి పిలవాలి. పండుగ అయ్యాక పిలిస్తే సుఖం. ఆవిడ వంట పూర్తి శాకాహారమైనా సంకోచించవద్దు, పులిహోర, గారెలు, పాయసం పెట్టండి. మాంసం వండరని మాత్రం ముందే తెలియజేయండి. ఆడవారు విడిగా కూర్చోవడానికి ఒక గది సర్దండి. నమాజు వేళ పడితే అడగకముందే శుభ్రమైన దుప్పటి ఒకటి పరిచి, పూజామందిరం లేని గదిని చూపించండి. ఖిబ్లా, అంటే నమాజుకు తిరగవలసిన దిక్కు, ఎటో వారే ఫోన్‌లో చూసుకుంటారు, మస్కట్‌లో అది ఇంచుమించు పడమర.